వెయ్యి డాలర్లు పెరిగితే చేతికెంత?

అక్టోబరు నెలాఖరున, ఇక్కడ తెల్లారుతుండగా, డాలస్ నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు.

"హెచ్1బీ వచ్చిందని మొన్న వీధంతా స్వీట్లు పంచారు కదా మామయ్యా, దాని దెబ్బకి జీతం తగ్గింది."

"అదేమిట్రా, తగ్గించారా?"

"అబ్బే, జీతం అదే. చేతికొచ్చేదే తగ్గింది. రెండు వారాలకి 260 డాలర్లు గల్లంతు."

కాసేపటికి వాట్సాప్‌లో పే స్టబ్ ఫొటో వచ్చింది. మనం పే స్లిప్ అనేదాన్నే అక్కడ పే స్టబ్ అంటారు. వాడి సొంత లెక్కలు పత్రికకెక్కించడం బాగుండదు కాబట్టి అంకెల్ని కాస్త సర్ది, 2024 పన్ను రేట్లతో, కంపెనీ ఆరోగ్య బీమాకు ఆ ఏడాది ఉద్యోగి కట్టిన సగటు ప్రీమియంతో ఇక్కడ రాస్తున్నాను. ఏడాదికి 90,000 డాలర్ల జీతం. రెండు వారాలకోసారి చొప్పున 26 సార్లు పడుతుంది. స్లిప్పు మీద మొదటి అంకె 3,461 డాలర్ల 54 సెంట్లు. చివరి అంకె 2,550. మధ్యలో కరిగిపోయిన 911 డాలర్లలో ఫెడరల్ ఆదాయపు పన్ను 390, సోషల్ సెక్యూరిటీ 211, మెడికేర్ 49, ఆరోగ్య బీమా 53. మిగతా 208 మాత్రం వాడే రేపటి కోసం 401కె ఖాతాలో దాచుకుంటున్నది. మన పీఎఫ్‌కు దూరపు చుట్టం అనుకోవచ్చు.

వాడు గల్లంతయ్యాయన్న 260 డాలర్లు రెండో, మూడో పద్దుల మొత్తం. ఎఫ్1 విద్యార్థి వీసా మీద, చదువయ్యాక ఓపీటీ అనే పని అనుమతితో ఉద్యోగం చేస్తున్నప్పుడు, అమెరికాలో అడుగుపెట్టిన మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు సాధారణంగా ఈ రెండు కోతలూ ఉండవు. అక్టోబరు 1న హెచ్1బీ అమల్లోకి రాగానే ఆ మినహాయింపు పోతుంది. హోదా పెరిగింది, జీతం అంతే ఉంది, బ్యాంకులో పడేది తగ్గింది. పన్నుల విషయంలో భారతీయ విద్యార్థులకు ఇంకో చిన్న వెసులుబాటూ ఉంది. ఇతర దేశాల నుంచి వచ్చిన విద్యార్థులు నాన్ రెసిడెంట్‌గా రిటర్ను వేసినంతకాలం స్టాండర్డ్ డిడక్షన్ తీసుకోలేరు. మన దేశంతో ఉన్న పన్ను ఒప్పందం పుణ్యాన మన పిల్లలు తీసుకోవచ్చు.

ఈ రెండు కోతలనూ కలిపి ఫైకా అంటారు. సోషల్ సెక్యూరిటీకి ఉద్యోగి 6.2 శాతం, యజమాని మరో 6.2 శాతం కడతారు. వృద్ధుల వైద్యం కోసం ఉన్న మెడికేర్‌కు చెరొక 1.45 శాతం. సోషల్ సెక్యూరిటీ 1935లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం చేసిన చట్టంతో వచ్చింది. 1937 జనవరిలో కోత మొదలైనప్పుడు చెరొక శాతం మాత్రమే ఉండేది. నెలనెలా పింఛను అందుకున్నవారిలో మొదటి మనిషి వెర్మాంట్ రాష్ట్రానికి చెందిన ఐడా మే ఫుల్లర్. మూడేళ్లలో ఆమె కట్టింది మొత్తం 24 డాలర్ల 75 సెంట్లు. 1940 జనవరిలో వచ్చిన మొదటి చెక్కే 22 డాలర్ల 54 సెంట్లు. ఆవిడ నిండు నూరేళ్లు బతికి 22,000 డాలర్లకు పైగా అందుకుంది. ఇవాళ్టి వాళ్లకు అలాంటి బేరం కుదరదు.

ఆదాయపు పన్నులో లేని గుణం ఒకటి ఫైకాకు ఉంది. దీనికి కింద మినహాయింపు లేదు, పైన హద్దు ఉంది. సంపాదించిన మొదటి డాలరు నుంచే కోత పడుతుంది. 2024లో 1,68,600 డాలర్లు దాటిన జీతం మీద 6.2 శాతం భాగం ఆగిపోయింది. అందుకే ఆదాయపు పన్ను పైసా కట్టనివాళ్లు కూడా ఫైకా కడతారు. పేదవాడి మీద పడే ఫెడరల్ పన్నుల్లో అన్నిటికన్నా పెద్దది ఇదే.

మా వాడి బెంగ వేరు. "పదేళ్లు కడితేనే పింఛనట, ఎనిమిదేళ్లకి వెనక్కొచ్చేస్తే?" అన్నాడు. నిజమే. పింఛను హక్కు రావాలంటే నలభై క్రెడిట్లు కావాలి, ఏడాదికి నాలుగే వస్తాయి. రెండు దేశాల్లో పనిచేసిన కాలాన్ని కలిపి లెక్కించే ఒప్పందాలు అమెరికాకు చాలా దేశాలతో ఉన్నాయి గానీ మనతో ఇప్పటిదాకా లేదు. పదేళ్లు నిండకుండా తిరిగొస్తే కట్టిన డబ్బు కట్టినట్టే.

ఇక ఆదాయపు పన్ను. తప్పుడు నమ్మకాలు ఎక్కువగా ఇక్కడే ఉన్నాయి. "బోనస్ ఇస్తామంటున్నారు, పై శ్లాబులోకి పోతానేమో, వద్దనాలా?" ఈ ప్రశ్న డాలస్‌లోనూ వినిపిస్తుంది, హైదరాబాదులోనూ వినిపిస్తుంది. శ్లాబు అంటే మెట్టు. పై మెట్టు రేటు ఆ మెట్టు మీదకు వచ్చిన డబ్బుకే, కింద ఉన్నదానికి కాదు. మా వాడి లెక్కే చూద్దాం. 90,000లోంచి బీమా ప్రీమియం, 401కె, 14,600 స్టాండర్డ్ డిడక్షన్ తీసేస్తే పన్ను పడేది 68,632 మీద. అందులో మొదటి 11,600కు 10 శాతం, ఆ పైన 47,150 వరకు 12 శాతం, మిగిలిన 21,482కు 22 శాతం. మొత్తం 10,152 డాలర్లు. '22 శాతం శ్లాబులో ఉన్నాను' అని చెప్పుకునే మనిషి నిజానికి కడుతున్నది జీతంలో పదకొండు శాతం చిల్లర. బోనస్ మీద కోత ఎక్కువగా కనిపించడానికి కారణం వేరే. కంపెనీలు మామూలుగా బోనస్‌లోంచి ఒకే తీరున 22 శాతం ఫెడరల్ పన్ను పట్టుకుంటాయి. అసలు లెక్క ఏప్రిల్ 15 లోపు వేసే రిటర్నులో తేలుతుంది.

ఆదాయపు పన్నును జీతంలోంచి ముందే పట్టుకోవడం, అంటే మన టీడీఎస్ లాంటిది, అక్కడ యుద్ధకాలంలో స్థిరపడింది. అంతకుముందు ఆదాయపు పన్ను ఏడాది దాటాక ఎవరికివారు కట్టేవారు. రెండో ప్రపంచ యుద్ధం ఖర్చుకు కోట్ల మంది మామూలు ఉద్యోగుల మీద పన్ను వేయాల్సి వచ్చాక ఆ పద్ధతి సాగదని తేలింది. మేసీస్ దుకాణాల సంస్థలో పెద్ద పదవిలో ఉన్న బియర్డ్స్‌లీ రుమ్ల్ ఎప్పటి పన్ను అప్పుడే పట్టుకోవాలని ప్రచారం చేశాడు. 1943లో చట్టం వచ్చింది. ఆ పథకం మీద ట్రెజరీలో పనిచేసిన కుర్ర ఆర్థికవేత్తల్లో మిల్టన్ ఫ్రీడ్‌మన్ ఒకడు. ప్రభుత్వం చిన్నదిగా ఉండాలని తర్వాత జీవితమంతా వాదించిన మనిషి అతడే. ఈ ఫ్రీడ్‌మన్ మనకు మళ్లీ తగులుతాడు.

మా వాడు టెక్సస్‌లో ఉన్నాడు కాబట్టి రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. ఇదే ఉద్యోగం కాలిఫోర్నియాలో చేస్తే రాష్ట్ర పన్ను, వికలాంగ బీమా కోత కలిసి ఏడాదికి మరో నాలుగున్నర వేల డాలర్ల పైమాటే. అయితే టెక్సస్ ఊరికే వదిలిపెట్టదు, ఇళ్ల మీద ఆస్తి పన్ను బాగా గుంజుతుంది.

కోతల్లో నాకు అన్నిటికన్నా విచిత్రంగా తోచేది ఆరోగ్య బీమా. స్లిప్పు మీద అది 53 డాలర్లే కనిపిస్తుంది. కాని 2024లో కంపెనీల ద్వారా ఒక్క మనిషికి తీసుకునే బీమా సగటు ఖరీదు 8,951 డాలర్లు. ఉద్యోగి కట్టేది అందులో 1,368, మిగతాది కంపెనీ కడుతుంది. కుటుంబానికైతే సగటు 25,572 డాలర్లు, అందులో ఉద్యోగి వాటా 6,296. పంతొమ్మిది వేల పైచిలుకు కంపెనీ ఖాతాలో పోతోంది. జీతానికీ వైద్యానికీ ఈ ముడి ఎలా పడింది? 1942లో ధరలు అదుపు తప్పకుండా జీతాలు పెంచకూడదని ప్రభుత్వం కట్టడి చేసింది. బీమా లాంటి సదుపాయాలను మాత్రం ఆ కట్టడి నుంచి వదిలేసింది. పనివాళ్లు దొరకని కాలం. కంపెనీలు జీతం బదులు బీమా చూపించి మనుషుల్ని లాక్కున్నాయి. దాని మీద ఉద్యోగికి పన్ను లేదని 1954 పన్ను చట్టం ఖాయం చేసింది. యుద్ధకాలపు సర్దుబాటు ఒకటి అలా ఒక దేశపు వైద్య వ్యవస్థ అయి కూర్చుంది.

కంపెనీ కట్టేది కంపెనీ జేబులోంచే కదా అనిపిస్తుంది. ఆర్థికవేత్తల్లో ఎక్కువమంది అలా అనుకోరు. యజమాని వాటా ఫైకా, బీమా కూడా చివరికి జీతం పెరగాల్సినంత పెరగకపోవడం రూపంలో ఉద్యోగి మీదే పడతాయని వాళ్ల లెక్క. హైటెక్ సిటీలో ఉద్యోగం చేసేవాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. ఆఫర్ లెటర్‌లో సీటీసీ అని ఊరించే అంకె వేసి, అందులో కంపెనీ కట్టే పీఎఫ్ కూడా కలిపేస్తారు. అమెరికాలో మాత్రం సీటీసీ అంటే చైల్డ్ టాక్స్ క్రెడిట్, పిల్లలున్నందుకు పన్నులో ఇచ్చే తగ్గింపు. 2024లో పదిహేడేళ్ల లోపు ఒక్కొక్కరికి 2,000 డాలర్లు. 2025లో వచ్చిన చట్టం దాన్ని 2,200 చేసింది.

మా వాడికి పెళ్లయి, భార్య హెచ్4 డిపెండెంట్ వీసా మీద వెళ్లి, అక్కడే ఒక బిడ్డ పుట్టిందనుకోండి. అదే 90,000 జీతం. దంపతులిద్దరూ ఉమ్మడిగా రిటర్ను వేస్తే స్టాండర్డ్ డిడక్షన్ 29,200 అవుతుంది, శ్లాబులు వెడల్పవుతాయి, బిడ్డకు క్రెడిట్ వస్తుంది. ఆదాయపు పన్ను 10,152 నుంచి 3,428కి పడిపోతుంది. ఏడాదికి 6,700 డాలర్ల పైగా ఆదా! కాని బీమా ఒక్కరికి కాదు, ముగ్గురికి. ప్రీమియంలో వాడి వాటా 1,368 నుంచి 6,296కు ఎక్కుతుంది. చివరికి ఏడాదిలో చేతికొచ్చేది 66,300 నుంచి దాదాపు 68,500కు చేరుతుంది. పెరిగింది రెండు వేల చిల్లర. ప్రభుత్వం ఒక చేత్తో ఇచ్చినదాంట్లో చాలామటుకు బీమా కంపెనీ గుమ్మం దగ్గరే అందుకుంది.

ఇంతవరకు కోతల సంగతి. అమెరికాలో జీతం కన్నా చేతికొచ్చేది ఎక్కువుండే కుటుంబాలు కూడా ఉన్నాయి.

అదే డాలస్‌లో, మా వాడి అపార్ట్‌మెంటుకు రెండు వీధుల అవతల ఒక ఒంటరి తల్లిని ఊహించుకుందాం. వృద్ధాశ్రమంలో సహాయకురాలు. ఇద్దరు పిల్లలు, పదేళ్లు ఒకరికి, ఏడేళ్లు ఇంకొకరికి. ఏడాదికి 30,000 డాలర్లు. అంటే గంటకు పద్నాలుగున్నర డాలర్ల లోపు. ఫెడరల్ కనీస వేతనం 2009 నుంచి గంటకు 7 డాలర్ల 25 సెంట్ల దగ్గరే నిలిచిపోయింది, ఆమె జీతం దానికి దాదాపు రెట్టింపు. రెండు వారాల స్లిప్పులో 1,153 డాలర్ల 85 సెంట్లు. అందులో ఫైకా 88 డాలర్ల 27 సెంట్లు. పిల్లల సంగతి యజమానికిచ్చే డబ్ల్యూ-4 కాగితంలో రాసిస్తే ఆదాయపు పన్ను కోత ఉండదు. చేతికి 1,065 డాలర్ల 58 సెంట్లు వస్తాయి. ఇల్లు గడపడానికి ఏమూలకీ చాలవు.

అసలు డబ్బు ఫిబ్రవరి చివరన వస్తుంది, రిఫండుగా. దాని పేరు ఎర్న్‌డ్ ఇన్‌కమ్ టాక్స్ క్రెడిట్. పేరులో టాక్స్ ఉన్నా, కట్టిన పన్నుతో సంబంధం లేకుండా, పనిచేసే పేద కుటుంబానికి ప్రభుత్వం ఎదురిచ్చే సొమ్ము ఇది. దీని పుట్టుకలోనే ఫ్రీడ్‌మన్ మళ్లీ తగులుతాడు. పేదలకు రకరకాల పథకాలెందుకు, ఒక గీత కింద ఉన్నవాళ్లకు ప్రభుత్వమే 'ఎదురు పన్ను' కట్టాలని అతడు 1962లో ఒక పుస్తకంలో రాశాడు. అధ్యక్షుడు నిక్సన్ అలాంటి పథకమే ఒకటి 1969లో ప్రతిపాదించాడు, సెనేట్‌లో ఆగిపోయింది. దాన్ని అడ్డుకున్నవాళ్లలో ముఖ్యుడు, లూసియానా సెనేటర్ రసెల్ లాంగ్, పనిచేసేవాళ్లకే ఇద్దామన్నాడు. పేదల మీద పడే సోషల్ సెక్యూరిటీ కోత భారం కాస్త దించినట్టూ ఉంటుందన్నాడు. 1975లో గరిష్ఠంగా 400 డాలర్లతో మొదలైంది. 2024లో ఇద్దరు పిల్లలున్నవాళ్లకు గరిష్ఠం 6,960.

దీని ఆకారం గుడారంలా ఉంటుంది. ఇద్దరు పిల్లల తల్లి సంపాదించే ప్రతి డాలరుకూ 40 సెంట్లు కలుస్తూ 17,400 దగ్గర గరిష్ఠానికి చేరుతుంది. కొంత దూరం సమతలం. 22,720 దాటాక ప్రతి డాలరుకూ 21 సెంట్లు తగ్గుతూ వెళ్లి, 55,768 దగ్గర సున్నా అవుతుంది. మన తల్లి ఉన్నది దిగుడు వైపు. ఆమెకు 5,427 డాలర్లు వస్తాయి. ఇద్దరు పిల్లల క్రెడిట్ 4,000లో ఆమె కట్టాల్సిన 810 పన్ను పోను 3,190 చేతికొస్తుంది. మొత్తం 8,617. ఆమెకు ఎనిమిది రెండువారాల జీతాలంత డబ్బు ఒక్కసారిగా. పాత బాకీలు, కారు రిపేరు, పిల్లల పళ్ల వైద్యం అన్నీ ఆ నెలకే వాయిదా పడి ఉంటాయి. ఫైకా పోను ఏడాదికి 36,322 డాలర్లు. జీతం కన్నా ఆరు వేలు ఎక్కువ. తిండి కొనుక్కోవడానికి ప్రభుత్వమిచ్చే ఫుడ్ స్టాంపులు, నెలకు రెండు వందల డాలర్ల పైచిలుకు, దీనికి అదనం.

ఇప్పుడు ఇద్దరికీ జీతం వెయ్యి డాలర్లు పెరిగిందనుకుందాం. ఎవరికి ఎంత మిగులుతుంది?

మా మేనల్లుడిది తేలిక లెక్క. 22 శాతం ఆదాయపు పన్ను, 7.65 శాతం ఫైకా. 296 డాలర్లన్నర పోయి 703న్నర మిగులుతాయి.

ఆ తల్లికి ఫైకా 76న్నర పోతుంది. ఎర్న్‌డ్ ఇన్‌కమ్ క్రెడిట్ 210 డాలర్ల 60 సెంట్లు తగ్గుతుంది. పది శాతం శ్లాబులో పన్ను వంద పెరుగుతుంది, పిల్లల క్రెడిట్‌లో చేతికొచ్చే భాగం ఆ మేరకు తరుగుతుంది. ఇక ఫుడ్ స్టాంపులు. సంపాదనలో ఐదో వంతు వదిలేసి మిగతాదానిలో 30 శాతం తిండికి పెట్టుకోగలరని ఆ పథకం లెక్క వేస్తుంది. కాబట్టి వెయ్యికి 240 డాలర్ల విలువైన స్టాంపులు తగ్గుతాయి, అద్దె భారం ఎక్కువున్న ఇంట్లో ఇంకా ఎక్కువే తగ్గుతాయి. అన్నీ కూడితే 627. మిగిలేది 373 డాలర్లు. వృద్ధాశ్రమం సహాయకురాలికి వెయ్యిలో 373, సాఫ్ట్‌వేర్ ఇంజినీరుకు 703.

ఆమెకు ప్రభుత్వ అద్దె వోచరు కూడా ఉంటే పెరిగిన ఆదాయంలో మరో 30 శాతం అద్దె వాటాకు పోతుంది. అప్పుడు వెయ్యిలో వంద కూడా మిగలదు. అర్హులందరికీ ఆ వోచర్లు దొరకవు, నలుగురిలో ఒకరికి దొరికితే గొప్ప. ఈ లెక్కలో మటుకు దొరకనివాళ్లే నయం అనుకోవాలి!

ఇక్కడ కుట్రేమీ లేదు. పథకాలను ఒక్కోటిగా చూస్తే సబబుగానే ఉంటాయి. ఆదాయం పెరిగేకొద్దీ సాయం కొంచెం కొంచెంగా తగ్గాలనడంలో తప్పేముంది? కాని క్రెడిట్లను చూసేది పన్నుల శాఖ, ఫుడ్ స్టాంపులు వ్యవసాయ శాఖవి, వోచర్లు గృహ శాఖవి. ఎవరికి వాళ్లు పావలా వంతు తగ్గిస్తున్నామనే అనుకుంటారు. అన్నీ కూడి చూసే బల్ల ఎక్కడా లేదు. నిదానంగా తగ్గిద్దామా అంటే సాయం పై ఆదాయాల దాకా పాకుతుంది, ఖర్చు పెరుగుతుంది. ఖర్చు తగ్గిద్దామా అంటే నిట్టనిలువుగా కోయాలి. పేదలకు గట్టి సాయం, మెల్లని దిగుడు, తక్కువ ఖర్చు. ఈ మూడూ ఒకేసారి దొరకవు. ఎదురు పన్ను గురించి రాసిన ఫ్రీడ్‌మన్ కూడా తన ఉదాహరణలో డాలరుకు యాభై సెంట్ల కోత వేసుకోక తప్పలేదు.

కొన్నిచోట్ల అయితే దిగుడు కూడా ఉండదు, కొండచరియే. పేదల ఆరోగ్య బీమా అయిన మెడికెయిడ్‌ను విస్తరించిన రాష్ట్రాల్లో పెద్దవాళ్లకు పేదరిక రేఖకు 138 శాతం దగ్గర అర్హత తెగిపోతుంది. ఒక్క డాలరు దాటినా అంతే. టెక్సస్ విస్తరించనే లేదు. శ్లాబు మారితే నష్టపోతామని భయపడే ఇంజినీరు భయం ఉత్తది. అదే భయం ఇక్కడ నిజం.

పథకం ఆకారం మారిస్తే ఏమవుతుందో 2021లో ఒకసారి కనిపించింది. కోవిడ్ తర్వాతి చట్టంతో పిల్లల క్రెడిట్‌ను ఆరేళ్ల లోపు వాళ్లకు 3,600, పెద్ద పిల్లలకు 3,000 చేశారు. సంపాదన అసలే లేని ఇళ్లకు కూడా పూర్తిగా ఇచ్చారు. అందులో సగం జులై నుంచి డిసెంబరు దాకా నెలనెలా బ్యాంకులో వేశారు. పన్నులూ సాయాలూ కలిపి లెక్కించే సెన్సస్ బ్యూరో కొలత ప్రకారం ఆ ఏడాది పిల్లల పేదరికం 5.2 శాతానికి దిగింది. కోవిడ్ కాలపు ఇతర చెల్లింపులూ అందులో పాలుపంచుకున్నాయి. చట్టం గడువు తీరింది. మరుసటి ఏడాది 12.4 శాతం.

మొన్న మా వాడు మళ్లీ ఫోన్ చేశాడు. జీతం నాలుగు వేలు పెంచుతారట. "ఎంత మిగులుతుందిరా?" అన్నాను. ఫోన్‌లోనే నోటిలెక్క వేసి "2,800 పైన" అన్నాడు. లెక్క సరిపోయింది, వాడి అంకెలన్నీ ఒక్క కాగితం మీదే ఉన్నాయి మరి. ఆ తల్లిని కూడా శనివారాలు అదనపు షిఫ్టుకు రమ్మన్నారనుకుందాం. ఆమె స్లిప్పులో ఎప్పటిలాగే ఫైకా ఒక్కటే కోత, మిగతాదంతా లాభంలాగే కనిపిస్తుంది. స్టాంపులు తగ్గాయన్న ఉత్తరం కొన్ని నెలలకు వస్తుంది. క్రెడిట్ ఎంత తగ్గిందో ఫిబ్రవరిలో రిఫండు చూసుకునేదాకా తెలియదు.